ఆడి నెలలో మూకయూరు ఇంజిను

29 జూలై 2024, సోమవారం. తిరుచ్చులి

మూడింటికి సాయల్‌గుడి వైపు నుంచి ఒక టాటా ఏస్ వచ్చి షెడ్డు ముందు ఆగింది. వెనక గోనెసంచుల మీద ఔట్‌బోర్డ్ ఇంజిను పడుకోబెట్టి ఉంది. 9.9 హార్స్‌పవర్, టూ-స్ట్రోక్, రెండు సిలిండర్లు, కిరసనాయిలు రకం. తల కిందకీ కాలు పైకీ పెట్టి తెచ్చారు. చూడగానే అరిచాను. కాలులో నిలిచిన ఉప్పునీళ్ళు ఎగ్జాస్టు దారిన సిలిండర్లోకి దిగాయంటే చూడ్డానికి నా దాకా రావలసిన పనే ఉండదు.

తెచ్చింది సముద్రం ఒడ్డున మూకయూరులో పడవ నడిపే తమ్ముడు, వరసకు కాదు, పిలుపుకు. సునామీ తర్వాత మూడేళ్ళు నేను ఆ తీరం వెంబడే తిరిగాను. దానం ఇచ్చిన ఫైబర్ పడవలు ఊరూరా కుప్పలు పడ్డాయి, వాటి ఇంజిన్లు చూసేవాళ్ళు లేరు. అప్పటి పరిచయం. అప్పుడు ఇతను వాళ్ళ నాయన వెనక టార్చిలైటు పట్టుకుని నిలబడే పిల్లవాడు. ఇప్పుడు మీసానికి రంగు వేస్తున్నాడు.

అతను చెప్పింది చెప్పినట్టు రాసుకుంటున్నా:

"అన్నాచ్చీ, ఇంజిను కాగుతోంది. రేవులో బాగుంటుంది. బయటికి పోయి ఇరవై నిమిషాలు లాగితే రంగు కాలిన వాసన. బలం పోతుంది. ఒకసారి ఆగిపోయి తాడు లాగినా తిరగలేదు, చల్లారాక తిరిగింది. మధ్యమధ్యలో ఊరికే అరుస్తుంది. రెండు నెలల్లో రెండుసార్లు నీళ్ళపంపు రబ్బరు మార్చారు. పక్కనుంచి ఉచ్చ మాత్రం బాగానే పోస్తోంది."

ఆగిపోయినప్పుడు బొక్కెనతో సముద్రం నీళ్ళు పోశాడట. కాగిన హెడ్డు మీద చల్లనీళ్ళు పోస్తే చీలుతుందిరా అన్నాను. ఈసారికి చీలలేదు.

తీరంలో మార్చిన మెకానిక్కు చేతకాలేదని అతని ముందే అనేశాను. రెండు నెలల్లో రెండు రబ్బర్లంటే సరిగ్గా కూర్చోబెట్టలేదనే అర్థం అన్నాను. రాత్రి పడుకోబోతూ రాస్తుంటే కొంచెం తొందరపడ్డానేమో అనిపిస్తోంది.

30 జూలై, మంగళవారం

మామూలుగా నా దగ్గరికొచ్చేవి బావుల మీది ఆయిల్ ఇంజిన్లు. వాటి సంగతి తేలిక. తొట్టిలో నీళ్ళు పోస్తే చల్లబడతాయి, పోయకపోతే కాగుతాయి, ఎందుకు కాగిందో పొలం రైతుకే తెలుస్తుంది. ఔట్‌బోర్డ్‌కి తొట్టీ లేదు, రేడియేటరూ లేదు. తాను నిలబడ్డ సముద్రాన్నే తాగుతుంది. ప్రొపెల్లర్‌కు పైన, కాలుకు పక్కల్లో చిన్న జల్లెడలుంటాయి. అక్కణ్ణుంచి నీళ్ళను పంపు పీలుస్తుంది. పంపంటే మరేమీ కాదు, రబ్బరు రెక్కల చక్రం ఒకటి, కాలు లోపల షాఫ్టు మీద చిన్న తాళంబద్దతో బిగించి ఉంటుంది. అది నీళ్ళను గొట్టంలోకి తోస్తుంది. నీళ్ళు పైకెళ్ళి సిలిండర్ల చుట్టూ తిరిగి, ధర్మోస్టాట్ తలుపు దాటి, పొగతో కలిసి కిందకి పోతాయి. అందులో ఒక పాయ మాత్రం మూత పక్కన చిన్న రంధ్రంలోంచి బయటికి చిమ్ముతుంది. దాన్నే కాకినాడలోనూ ఇక్కడా కూడా ఉచ్చ అంటారు. ఇంకో పేరు నేను వినలేదు.

కాలు దించడానికి పొద్దంతా పట్టింది. స్టీలు బోల్టు, అల్యూమినియం ఒళ్ళు, మధ్యలో ఉప్పు. ఉప్పునీళ్ళలో స్టీలు తగిలిన చోట అల్యూమినియాన్ని తినేస్తుంది. బ్లోల్యాంపు చూపించి, కొంచెం నూనె వేసి, టీ తాగి, మళ్ళీ చూపించి. నాలుగో బోల్టు తల తెగింది. డ్రిల్లు చేసి తీశాను.

పంపు తెరిచి చూస్తే రబ్బరు కొత్తది. రెక్కలన్నీ సరైన వైపే వంగి ఉన్నాయి. తాళంబద్ద ఉంది. అడుగు పలక మీద గీతలు లేవు. తీరం మెకానిక్కు తప్పు చేయలేదు. రెక్కల కొసలు మాత్రం కొంచెం మెరుస్తున్నాయి, ఎండు రాపిడి తగిలినట్టు. ఇది రాసుకున్నా గానీ ఎందుకో ఆలోచించలేదు.

ఈ నోటుపుస్తకం ఎందుకు తెలుగులో రాస్తావని మనవరాలు అడిగింది. మా ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం, చదవడం రాయడం నాకొక్కడికే వచ్చు. 1991లో కాకినాడ పోయి జగన్నాథపురంలో బోటు ఇంజిన్ల షెడ్డులో పన్నెండేళ్ళున్నాను. దుకాణాల బోర్డులు చూసి అక్షరాలు నేర్చుకున్నా. అక్కడ నా తెలుగు విని నవ్వేవారు, తిరిగొచ్చాక నా కాకినాడ తెలుగు విని ఇక్కడ నవ్వుతున్నారు. కోవిల్‌పట్టి పక్క ఇడైసెవల్ కి. రాజనారాయణన్‌గారు మనవాళ్ళ వలస కథను 'గోపల్ల గ్రామం' అని అరవంలో రాశారు. నేను ఒక అరవ ఇంజిను కథను తెలుగులో రాస్తున్నా. లెక్క సరి. పైగా దుకాణం బాకీలు ఇంట్లో ఎవరూ చదవలేరు.

31 జూలై, బుధవారం

డ్రమ్ములో పరీక్ష. రెండు వందల లీటర్ల డ్రమ్ము నింపాలంటే మా వీధిలో నీళ్ళొచ్చే రోజు చూసుకోవాలి. మా ఆవిడ బిందెలన్నీ నింపుకున్నాక పైపు నాకిచ్చింది.

ఎండలో ఉన్న ఇంజినును నీళ్ళు లేకుండా ఒక్కసారి తిప్పి చూద్దామనే సరదా ప్రతి కుర్రాడికీ ఉంటుంది. షెడ్డులో కుర్రాడు తాడు మీద చెయ్యి వేశాడు, చెయ్యి మీద కొట్టాను. నీళ్ళే ఆ రబ్బరుకు నూనె. పొడిగా తిప్పితే నిమిషం కూడా అక్కర్లేదు, రెక్కలు కాలి అంటుకుపోతాయి.

పెట్రోలుతో స్టార్టు చేసి, వేడెక్కాక కిరసనాయిలుకు మార్చాను. ఉచ్చ సన్నటి తాడులా బాగా వచ్చింది. అరగంట నడిచింది. వాసన లేదు, బలం తగ్గలేదు. అరగంటకు డ్రమ్ము నీళ్ళే వెచ్చబడ్డాయి, ఇక చల్లదనం గురించి పరీక్షేముంది? ఆపేశాను. నీళ్ళు నల్లగా నూనె తెట్టు కట్టాయి. మల్లెచెట్టుకు పోస్తానన్నాను. ఆమె చూసిన చూపుకు మళ్ళీ అనలేదు.

అందరూ అనే కారణం కిరసనాయిలు. కల్తీదనీ, టూ-టీ ఆయిలు తక్కువ కలిపారనీ. ఆయిలు తగ్గితే కాగుతుంది, నిజమే. కార్బురేటర్ జెట్టు మూసుకుపోయి ఇంధనం తక్కువై గాలి ఎక్కువైనా కాగుతుంది. రెండు ప్లగ్గులూ తీసి చూశాను. ముదురు గోధుమ రంగు, తెల్లబారలేదు. ఇంధనం మీద అనుమానం అక్కడితో వదిలేశా.

1 ఆగస్టు, గురువారం

ధర్మోస్టాట్ తీసి వంటింట్లోకి తీసుకెళ్ళాను. పద్ధతి పాతదే. దాని తలుపు సందులో దారం ఇరికించి గిన్నెలో వేలాడదీయాలి. నీళ్ళు కాగుతూంటే పక్కన ధర్మామీటరు. తలుపు తెరుచుకోగానే దారం జారి ఇంజినుముక్క గిన్నెలో పడుతుంది. 51 డిగ్రీలకు పడింది. మంచి ధర్మోస్టాటే. "రసం గిన్నె అది" అంది ఆమె.

మూత లేకుండా మళ్ళీ డ్రమ్ములో నడిపి, ఈసారి టెంపరేచర్ గన్నుతో చూశాను. మెరిసే అల్యూమినియం మీద ఆ గన్ను అబద్ధం చెబుతుంది, తక్కువ చూపిస్తుంది. అందుకని హెడ్డు మీద రెండు సిలిండర్ల దగ్గరా నల్ల టేపు ముక్కలు అంటించి ఆ టేపును చూడాలి. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, రెండు ఇంజిన్లు పాడయ్యాక తెలిసింది.

కింది సిలిండరు 55. పై సిలిండరు 78.

ఇప్పుడు దొరికింది అనుకున్నా. ఉచ్చ పోస్తోందంటే పంపు నీళ్ళు తోస్తోందని అర్థం, అంతే. ఆ నీళ్ళు ప్రతి మూలకూ పోతున్నాయని కాదు. పై సిలిండరు చుట్టూ దారి ఎక్కడో మూసుకుంది.

2 ఆగస్టు, శుక్రవారం

హెడ్డు విప్పాను. పాత ప్యాకింగు గీకడానికే గంటన్నర. ప్యాకింగు కాలి సిలిండరు మంట నీళ్ళ దారిలోకి పోయిన గుర్తులేమైనా ఉన్నాయా అని చూశా, లేవు. నీళ్ళ దారుల్లో తెల్లటి ఉప్పు గడ్డకట్టి ఉంది, పాత కుండ అంచులా. పై సిలిండరు వెనక వంపులో సైకిల్ పుల్ల పెట్టి కెలికితే నల్లటి ముక్క బయటికొచ్చింది. పాత పంపు రబ్బరు రెక్క, చిటికెనవేలి గోరంత. మార్చిన మెకానిక్కు కొత్త రబ్బరు వేశాడు గానీ, తీసిన పాతదానికి రెక్కలెన్ని తక్కువున్నాయో లెక్కపెట్టలేదు. నేనైనా లెక్కపెట్టేవాణ్ణని ఒట్టు వేయలేను.

కాకినాడ మేస్త్రి మాత్రం లెక్కపెట్టేవాడు. తెగిన రబ్బరు ముక్కలను గుడ్డ మీద పేర్చి, చక్రం పూర్తయిందాకా కొత్తది ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఆయన నేర్పిన దాంట్లో నాకు మిగిలిన పెద్ద సంగతి 1996 నవంబరు తుఫాను తర్వాతది. 6వ తేదీ రాత్రి గాలి కాకినాడ మీదుగా పోయింది. భైరవపాలెం వైపు పడవలతోపాటు మనుషులు పోయారు. తర్వాత వారాల తరబడి బురదలోంచి తీసిన ఇంజిన్లు మా షెడ్డుకొచ్చేవి. కొన్నింటి సొంతదారు ఉండేవాడు కాదు, తమ్ముడో మామో తెచ్చేవాడు. ఏం పాడైందని మేస్త్రి ఎవర్నీ అడిగేవాడు కాదు. మంచినీళ్ళతో కడుగు, ప్లగ్గులు తీసి నూనె పోసి తిప్పు, ఆ తర్వాత ఆలోచించు అనేవాడు. షెడ్డు వెనక గోడంతా ఆరబెట్టిన మూతలే. మా ఇద్దరికీ నెలరోజులు చేతుల్లోంచి కోరింగ బురద వాసన పోలేదు.

వేడినీళ్ళకు ఉప్పు కరిగింది, గట్టి పొరకు వెనిగర్ పోసి రాత్రికి వదిలేశా.

3 ఆగస్టు, శనివారం. ఆడి పద్దెనిమిది

నదులు పొంగే పండగ. కావేరి పక్కవాళ్ళకు బాగానే ఉంటుంది. మా ఊరి పక్క గుండారులో ఇసుకా, సీమ కరువేలం చెట్లూ. ఆమె పసుపుతాడూ చిత్రాన్నాలూ తీసుకుని కోవెల వైపు వెళ్ళింది. రమణమహర్షి పుట్టిన ఇల్లు చూడ్డానికొచ్చిన ఆంధ్ర యాత్రికులు వీధిలో తెలుగు విని ఆగారట, ఎక్కడివాళ్ళని అడిగారట. ఇక్కడివాళ్ళమే అందట. వాళ్ళు నమ్మలేదట.

ఊరిపేరులోని సుళి మన సుడే. ప్రళయం వచ్చినప్పుడు శివుడు శూలంతో నేలను పొడిచి, ఆ గుంటలోకి నీళ్ళన్నీ సుడి తిరిగి పోయేలా చేశాడని స్థలపురాణం. నీళ్ళు అప్పుడు పోయినవి పోయినట్టే ఉన్నాయి.

ఇంజిను బిగించాను. కొత్త ప్యాకింగు, బోల్టులకు గ్రీసు, తెగిన బోల్టుకు కొత్త మర. డ్రమ్ములో కింది సిలిండరు 55, పైది 57. తమ్ముడికి ఫోను చేసి అయిపోయిందని చెప్పాను. అయిపోయిందనే అనుకున్నా.

4 ఆగస్టు, ఆదివారం. ఆడి అమావాస్య

దారంతా సేతుకరైకీ రామేశ్వరానికీ తర్పణాలకు పోయే వ్యాన్లు. మూకయూరు వాళ్ళకు ఆదివారం సందియాగప్పర్ గుడి, పడవలు కదలవు. ఇంజినును టాటా ఏస్‌లో ఎక్కించి కాలు కిందకీ తల పైకీ కట్టి పంపాను. నేను రేపు వస్తానన్నా. ఎందుకన్నానో తెలియదు. ఆ రెక్కల కొసల మెరుపు మనసులో ఉండి కాబోలు.

5 ఆగస్టు, సోమవారం. మూకయూరు

తెల్లవారుజామున రెండింటికి స్కూటర్ మీద కముది, సాయల్‌గుడి మీదుగా. గుండారు కూడా ఈ దారినే వచ్చి మూకయూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది, కలిసేటప్పుడు నీళ్ళుంటే.

అయిదింటికి పడవ తోశాం. నాకు ఈత రాదు, ఈ వయసులో చెప్పుకోవడానికి సిగ్గు. గన్ను మెడలో వేలాడదీసుకుని ఇంజిను పక్కన కూర్చున్నా. మూత తీసేశాం. ఇసుకమేట దాటేదాకా 56, 57. బయటికి పోయాక ఆడి గాలి అందుకుంది. సన్నికల్లు కూడా ఎగురుతుందని అరవంలో సామెత చెప్పే గాలి. పడవ ముక్కు దిగినప్పుడల్లా వెనక లేచింది. లేచినప్పుడల్లా ఇంజిను అరిచింది. ఒట్టి గొంతుతో, పట్టుకోవడానికి ఏమీ దొరకనట్టు.

64. 71. ఉచ్చ వైపు చూశా. తాడులా రావలసింది తుంపరగా తుపుక్కుమంటోంది, ఆగుతోంది, మళ్ళీ వస్తోంది. 83. వేగం తగ్గించమన్నా. తగ్గించగానే వెనక కిందకి దిగింది, ఉచ్చ తాడయింది. నాలుగైదు నిమిషాల్లో 60కి వచ్చింది.

వంగి కిందకి చూశా. ప్రొపెల్లర్ పైన అడ్డంగా ఒక పలక ఉంటుంది. అది పడవ అడుగుతో సమంగానో, ఒక అంగుళం కిందో ఉండాలి. ఆ పలక నురగలోంచి పైకి కనిపిస్తోంది. దాని కిందే నీళ్ళు పీల్చే జల్లెడలు. ఇంజిను నీళ్ళతోపాటు గాలి తాగుతోంది. ప్రొపెల్లర్‌కూ గాలే, పంపుకూ గాలే. గాలి తాగిన పంపులో రబ్బరు పొడిగా రాచుకుంటుంది, రెక్కలు తెగుతాయి, తెగిన ముక్క పైకి పోతుంది.

"ఇలా కారడం ఎప్పుడైనా చూశావా?" అన్నాను.

"మేము పోయేది చీకట్లో అన్నాచ్చీ. ఉచ్చ ఎవరు చూస్తారు? రేవులో చూస్తాం."

ఒడ్డుకొచ్చి టేపు పెట్టాను. వెనక పలక ఎత్తు 23 అంగుళాలు. ఇంజిను పొడుగు కాలు రకం, దానికి 20 అంగుళాల పలక కావాలి, పొట్టి కాలుకైతే 15. మూడంగుళాలు ఎక్కడివి? తమ్ముడు తల గోక్కున్నాడు. ఆడి గాలికి వెనక నుంచి అలలు లోపలికి పడుతున్నాయని నెల క్రితం పలక మీద మరో చెక్క వేసి ఫైబర్ పూయించాడట. దానికి ముందే కొంచెం ఎత్తుగా ఉండేదట, అందుకే మొదటి రబ్బరు. చెక్క వేశాక రెండోది.

నోటుపుస్తకం సంచిలోనే ఉంది. పోయిన సోమవారం పుట తిప్పి చూశా. "మధ్యమధ్యలో ఊరికే అరుస్తుంది." నా చేత్తోనే రాసుకున్నా. దాని కిందే తీరం మెకానిక్కును తిట్టిన మాట. డ్రమ్ములో అల రాదు, పడవ లేవదు, గాలి దొరకదు. వారం రోజులు డ్రమ్మును అడిగాను. చెప్పవలసినవాడు మొదటిరోజే చెప్పి టీ తాగి వెళ్ళిపోయాడు.

చెక్క మొత్తం తీసేస్తే అలలు లోపలికొస్తాయని అతని భయం, అదీ నిజమే. మధ్యలో ఇంజిను కూర్చునేంత మేర మూడంగుళాలు గంటు కోసి, అటూ ఇటూ ఎత్తుగానే ఉంచాం. కోసిన అంచుకు రెజిన్ పూయించాను, లేకపోతే చెక్క నీళ్ళు తాగి కుళ్ళుతుంది.

మధ్యాహ్నం పూత ఎండాక మళ్ళీ పోయాం. గాలి పొద్దుటి కంటే ఎక్కువ. నలభై నిమిషాలు పూర్తి వేగం. పై సిలిండరు 61 దాటలేదు. నేను రెండుసార్లు వాంతి చేసుకున్నా.

6 ఆగస్టు, మంగళవారం

తిరిగొస్తూ తీరం మెకానిక్కు షెడ్డు దగ్గర ఆగాను. పొద్దున్నే తాళం తీస్తున్నాడు. మీరు వేసిన రబ్బరు సరిగ్గానే వేశారు అన్నాను. నేనెవరో అతనికి తెలియదు. సరిగ్గా వేశాననే నాకు తెలుసు అన్నాడు. పాత రబ్బరు రెక్కలు లెక్కపెట్టే సంగతి, పలక కొలిచే సంగతి చెప్పాను. టీ తెప్పించాడు. నేను తిట్టిన మాట మాత్రం చెప్పలేదు.

తమ్ముడికి చెప్పొచ్చినవి మళ్ళీ రాసిపెట్టుకుంటా. ఇంకోసారి ఎవరైనా అడిగితే వెతుక్కోవడానికి. వేటనుంచి వచ్చిన ప్రతిసారీ మంచినీళ్ళలో అయిదు పది నిమిషాలు నడపాలి, ఊరు ఎంత ఎండినా ఆ డ్రమ్ము నీళ్ళు దక్కించుకోవాలి. వల తాడు, ప్లాస్టిక్ సంచి జల్లెడకు అడ్డుపడ్డాయేమో ముందు చూడాలి, సగం కేసులు అక్కడే తేలతాయి. ఉచ్చ ఆగితే ముందు ఆ రంధ్రంలో సన్నతీగ పెట్టాలి, ఒట్టి ఉప్పు కావచ్చు. కాగితే వేగం తగ్గించి, ఇంజిను ఆపి, దానంతట అదే చల్లారనివ్వాలి, బొక్కెన ముట్టుకోకూడదు. రాత్రి వేటలో ఒకడు గంటకోసారి టార్చి వేసి ఉచ్చ చూడాలి.

కూలి పదిహేను వందలన్నాను. చెక్క కోసినందుకా అన్నాడు. హెడ్డు విప్పినందుకు అన్నాను. ఇచ్చాడు.

8 ఆగస్టు, గురువారం

సాయంత్రం ఫోను. రెండు రాత్రులు వేటకు పోయారట, నాలుగేసి గంటలు లాగారట, వాసన లేదట. ఊలి మీను రెండు కిలోలు సాయల్‌గుడి నుంచి బస్సు కండక్టరు చేతికిచ్చి పంపాడు. ఐసు కముది దాకా కూడా నిలవలేదు. సంచి అడుగున చేరిన నీళ్ళను ఆమె వంచి మల్లెచెట్టుకు పోసింది.